కుడి హ్యాండిలు మీది అద్దం

నేను ఒక అద్దాన్ని. ఆ మాట వినగానే జుట్టు సర్దుకోవడానికి మీ చెయ్యి పైకి లేచిందా? లేవకపోతే మీకో నమస్కారం. నా బతుకులో అలాంటి మనిషిని ఒక్కరినే చూశాను, ఆవిడ గురించే ఈ కథంతా. నేను బీరువా తలుపుకి బిగించే అద్దాన్ని కాదు, మంగలి షాపు గోడ మీది అద్దాన్నీ కాదు. బండి హ్యాండిలు మీద కూర్చుని, వెనక ఏం వస్తోందో చెప్పడానికి పుట్టినదాన్ని. అరచేతికంటే కాస్త పెద్దగా, గుండ్రంగా, మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటాను. ఆ ఉబ్బెత్తు వల్ల వెనకున్న రోడ్డంతా నాలో ఇముడుతుంది. మొహం చూసుకుంటే మాత్రం ముక్కు బండగా, చెవులు ఎక్కడో దూరంగా కనిపిస్తాయి. అయినా సరే, మనుషులు చూసుకోవడం మానరు.

లూధియానా ఊరి చివర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గాజును గుండ్రంగా కోసి, వెనక పూత పూసి, నల్లటి ప్లాస్టిక్ గిన్నెలో కూర్చోబెట్టి, కింద ఒక ఇనప కాడ తగిలించారు. గీతలున్నాయేమో చూసి పంపడానికి అక్కడ ఒక అమ్మాయి ఉండేది. ఆ పిల్ల నన్ను చేతిలోకి తీసుకుని, కుడికీ ఎడమకీ తిప్పి, తన ముక్కుపుడక సరిగ్గా ఉందని తేల్చుకుని, నన్ను పెట్టెలో పడేసింది. నాకు జరిగిన తనిఖీ అంతే. ఆ రోజే అర్థమైంది, ఈ జాతితో నా కాపురం అంత తేలిగ్గా ఉండదని.

రైళ్ళూ లారీలూ ఎక్కి పాలకొల్లు చేరాను. అక్కడ చేపలమ్మే ఓలేటి పోతురాజు నన్ను తన మోపెడ్‌కి బిగించుకున్నాడు. పోతురాజు మంచివాడు, కష్టజీవి. కానీ అతని వెనక సీటు మీద ఒక వెదురు గంప ఉండేది. అది ఎంత వెడల్పంటే, ఎటు తిప్పినా నాలో గంప తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఏళ్ళ తరబడి నేను చూసిన ప్రపంచమంతా శీలావతి చేపల తోకలూ, వాటి వెంట పడే పిల్లులూను. చివరికి పోతురాజుకే విసుగొచ్చి నన్ను పైకి తిప్పేశాడు. అప్పట్నుంచి ప్రతి గుమ్మం ముందూ ఆగి, నాలో మీసం మెలేసుకున్నాక గానీ "చేపలోయ్" అని కేకేసేవాడు కాదు.

మోపెడ్ మూలపడ్డాక అది ఇనప సామాన్ల కొట్టుకి పోయింది. నేను మాత్రం కాలవ వంతెన దగ్గర సైకిలు షాపు నడిపే నూకరాజు చేతిలో పడ్డాను. ఎప్పటికైనా పనికొస్తుందని అతను నన్ను షాపు గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరూ, ఆ వేసేలోపు నా ముందు నిలబడి తల దువ్వుకునేవారు. కొందరికి తలమీద దువ్వుకోవడానికి ఏమీ ఉండేది కాదు, అయినా దువ్వేవారు. నా పని ఇది కాదయ్యా అని అరవాలనిపించేది. గాజుకి గొంతెక్కడిది?

అలా వేలాడుతున్న రోజుల్లో ఒకనాడు పొద్దున్నే ఒక జంట షాపు ముందుకొచ్చింది. ఆయన ఒక పాత లేడీస్ సైకిలు హ్యాండిలు పట్టుకుని ముందుకి లాగుతున్నాడు, ఆవిడ క్యారియరు పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఆయన సూర్యచంద్రరావు, ఇన్నేళ్ళూ బస్సు నడిపి ఈమధ్యే రిటైరైన డ్రైవరు. బస్సు వదిలినా ఖాకీ చొక్కా వదల్లేదు. ఆవిడ ఆయన భార్య వీరవేణి, పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. మోచేతికి కట్టు ఉంది.

"నూకరాజూ, ఈ సైకిలు నీ దగ్గర పడేసుకో. ఎంతిత్తే అంతియ్యి. మా ఇంట్లో మాత్రం ఉండకూడదు" అన్నాడు సూర్యచంద్రరావు.

"పడేసుకోకు నూకరాజూ. ఇది నాది. పక్కింటి పిల్ల దగ్గర నేను కొనుక్కున్నది" అంది వీరవేణి.

నూకరాజు ఇద్దరికీ చెరో స్టూలు వేశాడు. వాళ్ళు కూర్చోలేదు, సైకిలూ వదల్లేదు. అలా నిలబడి పోట్లాడుకుంటుంటే సంగతంతా బయటపడింది. వీరవేణికి షుగరు వచ్చింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. రోజుకి కాసేపైనా ఒళ్ళు కదపాలని డాక్టరు చెప్పాడు. సరే, పక్క ఊరికి రోజూ ఆటోలో ఇరుక్కుని వెళ్ళే బదులు సైకిలు మీద వెళ్తే ఒళ్ళూ కదులుతుంది, పనీ అవుతుందని ఆవిడ లెక్క. చిన్నప్పుడు బాగా తొక్కేది, పెళ్ళయ్యాక మానేసింది. మళ్ళీ మొదలుపెట్టి పట్టుమని పది రోజులు కాలేదు, తూము దగ్గర మలుపులో ఎదురుగా ఒక మోటారు సైకిలు ముంచుకొచ్చింది. ఆవిడ తప్పించబోయి తుప్పల్లో పడింది.

"ఎదురుగా ఎలా వత్తాదే? నువ్వు ఎడం పక్కనే కదా ఎల్లేది?" అన్నాడాయన.

"కుడి పక్కన ఎల్తన్నాను" అంది ఆవిడ, అదేదో తెలివైన పనన్నట్టు.

సూర్యచంద్రరావు సైకిలు వదిలేసి రెండు చేతులతోనూ తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఒక డ్రైవరుతో కాపురం చేసిన మనిషి రోడ్డుకి అడ్డపక్కన ఎదురెళ్తోందంటే ఆయన తట్టుకోలేకపోయాడు.

"మరేం చెయ్యమంటారండీ? ఎదరనుంచి వచ్చేదైతే కంటికి కనబడతాది. తప్పుకోవచ్చు. ఎడం పక్కన ఎల్తే ఎనకమాల ఏం వత్తందో దేవుడికే తెలియాలి. ఆ హారన్ వింటే నాకు గుండె జారిపోద్ది."

"ఓసి పిచ్చిదానా, మలుపు తిరిగేవోడు తన పక్కన ఎదురుగా సైకిలు వత్తాదని అనుకుంటాడా? వాడూ ముందుకే వత్తన్నాడు, నువ్వూ ముందుకే ఎల్తన్నావు. తప్పుకునే టైమేదీ?" ఆయన చిటికెనవేలు ఎత్తి చూపించాడు. "డ్రైవరు సీట్లోంచి సైకిలు ఎంతుంటాదో నీకు తెలీదు వేణీ. ఇంతుంటాది. చీపురుపుల్లంత. నాకు తెలుసు కాబట్టే వద్దంటన్నాను."

ఆయన కోపంలో భయం ఎంతుందో ఆ మాటతో నాకు తెలిసిపోయింది. వీరవేణికీ తెలిసినట్టుంది, కాస్త మెత్తబడింది. కానీ సైకిలు మాత్రం వదల్లేదు.

"ఆ ఆటోలో మాత్రం భయం లేదేంటండీ? ముగ్గురు కూర్చునే చోట పది మందిని కుక్కుతాడు. నేను సగం బయటే ఉంటాను. అప్పుడెందుకు భయం లేదు మీకు?" అంది. ఆవిడ అక్కడితో ఆగలేదు. "సరే, మీ బస్సు ఎనకాల ఏం వత్తందో మీకు ఎలా తెలిసేదో చెప్పండి."

"అద్దం ఉంటాది కదే!"

వీరవేణి వేలెత్తి గోడకేసి చూపించింది. నా వైపు! ముగ్గురూ నా వైపు తిరిగారు. సూర్యచంద్రరావు అలవాటుగా మీసం సర్దుకోబోయి, మధ్యలో చెయ్యి దించేసుకున్నాడు.

నూకరాజు నన్ను మేకు మీంచి తీసి, తుడిచి, ఆవిడ సైకిలుకి కుడి హ్యాండిలు మీద బిగించాడు. ఏ కోణంలో ఉండాలో మాత్రం డ్రైవరుగారు ఇంకొకరిని తేల్చనివ్వలేదు. ఆవిణ్ణి సీటు మీద కూర్చోబెట్టి, తను వెనక్కెళ్ళి నిలబడి, "కనబడతన్నానా? ఇప్పుడో? ఇప్పుడో?" అని షాపు దగ్గర్నుంచి వంతెన దాకా నడిచాడు. తర్వాత తిరిగొచ్చి షరతు పెట్టాడు.

"ఎడం పక్కనే ఎల్లాలి. ఎనకనుంచి హారన్ వినబడిందంటే తారు దిగిపోవాలి. పెద్ద బండికి దారి ఇయ్యాలి, అది పద్ధతి. దిగట్లేదని నాకు తెలిసిందా, సైకిలు మళ్ళీ ఇక్కడికే వత్తాది. ఇక మాట్లాడేది లేదు."

ఆవిడ సరేనంది. సరేనన్న మాటలో ఎంత సరే ఉందో ఆయన అడగలేదు.

మర్నాడు నా బతుకులో మొదటిసారి నా పని నేను చేశాను. ఆవిడ నాలోకి చూసింది. నేను కంగారుపడి బండ ముక్కు చూపించడానికి సిద్ధమయ్యాను. ఆవిడ చూసింది ముక్కు కాదు. వెనక గడ్డిమోపులతో వస్తున్న ట్రాక్టరుని చూసింది! నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. ఆ ఆనందంలో నేనూ, ఆ వింతలో ఆవిడా మునిగిపోయి ముందుకి చూడటం మర్చిపోయాం. సైకిలు తిన్నగా వెళ్ళి, రోడ్డు పక్కన మేస్తున్న గేదె డొక్కలో ఆగింది. గేదె ఓసారి తలతిప్పి చూసి మళ్ళీ మేతలో పడింది. అద్దంలోకి ఓ చూపు విసరాలే గానీ అందులో కాపురం పెట్టకూడదని ఆ రోజు ఇద్దరం నేర్చుకున్నాం.

ఆ దారి ఎంత బాగుంటుందో ఆటోలో కూరుకున్నవాళ్ళకి తెలియదు. కుడివైపు కాలవ, ఎడమవైపు పొలాల పక్కనే నీళ్ళు పారే బోదె, కొబ్బరి నీడలు, పొద్దున్నే ఇడ్లీ కొట్ల ఆవిరి. వీరవేణి మొదట్లో వంతెన ఎక్కేటప్పుడు దిగి నడిపించేది, తర్వాత రొప్పుతూ తొక్కింది, ఆ తర్వాత కూనిరాగం తీస్తూ తొక్కింది. మోకాళ్ళు తేలికపడ్డాయి. షుగరు తగ్గిందని, ఇలాగే కానిమ్మని డాక్టరు చెప్పాడట. అంగన్‌వాడీ పిల్లలు బెల్లు వినగానే ఎదురు పరుగెత్తుకొచ్చి నా ముందు వరసగా నిలబడి పళ్ళికిలించేవాళ్ళు. పిల్లలు కాబట్టి క్షమించాను.

షరతు దగ్గరే చిక్కొచ్చింది. ఆ రోడ్డుకి తారు అంచున జానెడు ఎత్తు గట్టులా ఉంటుంది, దాని కింద మట్టి. హారన్ మోగగానే దిగాలి, బండి పోయాక మళ్ళీ ఎక్కాలి. రొయ్యల లారీలు, ఐసు బళ్ళు, కాలేజీ బస్సులు, అన్నీ హారన్ మీదే బతుకుతాయి. వీరవేణి పాపం చెప్పినట్టే దిగింది, ఎక్కింది, దిగింది. ఒకరోజు దిగుతుంటే చక్రం అంచుకి రాసుకుని జారింది. ఆవిడకి అరచేయి గీరుకుపోయింది, నాకు అంచున చిన్న పగులొచ్చింది. వెనకొచ్చిన బస్సు ఆగలేదు. దిగమన్నది దిగింది కదా, ఇంకెందుకు ఆగుతుంది?

సైకిలు స్టాండు జారి పడిందని ఇంట్లో చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ దిగడం మానేసింది. తారు అంచుకి మూరెడు ఇవతల, గీత గీసినట్టు తొక్కేది. హారన్ వినగానే నాలోకి ఓ చూపు చూసేది. అవతల చోటుంటే అలాగే సాగేది, ఎదురుగా ఇంకో బండి వస్తుంటే చెయ్యి చాపి కాస్త ఆగమని సైగ చేసేది. లారీలవాళ్ళు మొదట్లో గొణుక్కున్నారు. తర్వాత తర్వాత వేగం తగ్గించి, పక్కకి జరిగి వెళ్ళసాగారు. చీపురుపుల్ల కొంచెం లావైనట్టుంది.

చిన్న ఊళ్ళో ఇలాంటి కబురు ఎన్నాళ్ళు దాగుతుంది? "డ్రైవరుగారూ, మీ ఆవిడ లారీలకే దారి ఇయ్యట్లేదండోయ్" అని ఎవరో టీకొట్టు దగ్గర అనేశారు. సూర్యచంద్రరావు ఇంటికొచ్చి, సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి లోపలికెళ్ళిపోయాడు. ఆ తిరుగుడు చూసి నాకు బెంగ పట్టుకుంది. మళ్ళీ ఆ మేకు, ఆ దువ్వెనలు గుర్తొచ్చి వణికాను. ఆవిడ సంగతి ఇంకా ఘోరం. మళ్ళీ ఆ ఆటో, మళ్ళీ ఆ మోకాళ్ళు.

మర్నాడు మేం ఊరు దాటామో లేదో, నాలో దూరంగా ఒక ఖాకీ చొక్కా కనిపించింది. నూకరాజు షాపులోని అద్దె సైకిలు మీద డ్రైవరుగారు! కళ్ళారా చూసి పట్టుకోవాలని బయల్దేరాడు. ఆయన సైకిలెక్కి ఎన్నాళ్ళయిందో గానీ, హ్యాండిలు బస్సు స్టీరింగులా రెండు చేతులతో బిగించి పట్టుకుని, రోడ్డు కొలుస్తున్నట్టు అటూ ఇటూ ఊగుతున్నాడు. మేం నెమ్మదిస్తే మధ్యలో వస్తున్న గడ్డిబండి చాటుకి పోతున్నాడు. వీరవేణి నాలోకి రెండుసార్లు చూసింది గానీ గడ్డిబండినే చూసింది. ఆవిడకి చెప్పాలని నేను పడ్డ తపన నాకే తెలుసు.

తూము దాటాక గడ్డిబండి పొలంలోకి మళ్ళింది. ఆయన వెనకనుంచి ఐసు లారీ వచ్చింది, వస్తూనే హారన్ కొట్టింది. ఆ హారన్‌కి పక్కనున్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. అద్దె సైకిలు మెలికలు తిరిగింది. ఆయన ఇన్నేళ్ళూ అందరినీ చెయ్యమన్నదే చేశాడు, తారు దిగాడు. ముందు చక్రం అంచు మీంచి జారడం నేను చూశాను. అంతలో లారీ నా నిండా పరుచుకుంది, ఇంకేమీ కనబడలేదు.

వీరవేణి నాలోకి చూసింది, ఎదరకి చూసింది, ఎదర రోడ్డు ఖాళీ. తన గీత మీదే సాగింది. లారీ కాస్త తగ్గి, పక్కన చోటిచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ నాలోకి చూసింది. ఖాళీ రోడ్డు. అంచున, గాల్లో తిరుగుతున్న ఒక చక్రం. ఆ పక్కనే బోదెలోంచి పైకి లేస్తున్న ఒక ఖాకీ చెయ్యి.

ఆ చెయ్యిని ఆవిడ గుర్తుపట్టింది. సైకిలు తిప్పిన తిప్పుడుకి నా కాడ గిర్రున తిరిగి, నేను ఆకాశంకేసి మళ్ళాను. అంతకుముందెప్పుడూ ఆవిడ అంత వేగంగా తొక్కలేదు. "ఏవండీ! ఏవండీ!" అన్న కేకలు తప్ప నాకేమీ తెలియలేదు. సైకిలు నేలమీద పడేశాక గానీ నేను బోదె వైపు తిరగలేదు.

మోకాలి లోతు బురదలో, నడుం దాకా గుర్రపుడెక్క చుట్టుకుని డ్రైవరుగారు కూర్చున్నారు. దెబ్బలేం తగల్లేదు. ఆవిడ చెయ్యిచ్చి లాగి, గట్టు మీద కూర్చోబెట్టి, కొంగుతో మొహం తుడిచి, కాళ్ళూ చేతులూ తడిమి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది.

"ఎవరు రమ్మన్నారండీ మిమ్మల్ని? ఏదన్నా అయితే నేనేమైపోవాలి?"

"నేనూ అదే కదే ఇన్నాళ్ళూ అడుగుతన్నాను" అన్నాడాయన.

పడ్డది ఆయనైనా, గెలిచింది కూడా ఆయనే అయ్యేట్టుంది. సైకిలు ఎంత ప్రమాదమో ఒళ్ళంతా బురద పూసుకుని రుజువు చేశాడు. ఇక నూకరాజు మేకే గతి అనుకుంటూ నేను నేలమీంచి చూస్తున్నాను.

"నువ్వెందుకు దిగలేదు?" అన్నాడాయన, రోడ్డుకేసి చూస్తూ.

"అద్దంలో కనబడింది కదండీ. ఎదర ఏం లేదు, వాడికి బోల్డంత చోటుంది. దిగితే జారతాను. ఒకసారి జారాను కూడా, మీకు చెప్పలేదు. తిన్నగా ఎల్తే వాడే చూసుకుని ఎల్తాడు."

ఇంకో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకున్నాడు. బస్సు పోయాక చేతులు తీసి, ఆ బస్సు వెళ్ళిన వైపే చూస్తూ అన్నాడు.

"లోపల కూచుంటే ఇది ఇంత గట్టిగా వినబడదే."

వీరవేణి పక్కన కూర్చుని ఆయన మెడమీది గుర్రపుడెక్క తీసేసింది. ఆయన లేచి, ఆవిడ సైకిలు లేపి నిలబెట్టాడు. నన్ను తన తడి చొక్కాతో తుడిచాడు, బురద ఇంకా ఎక్కువైంది. ఆవిణ్ణి సీటెక్కమని, తను వెనక్కి నడిచి, "కనబడతన్నానా?" అని అడిగాడు.

"కనబడతన్నారు."

"అయితే పద. పిల్లలు ఎదురు చూత్తా ఉంటారు."

ఇది జరిగి చాన్నాళ్ళయింది. నా పూత అక్కడక్కడా పోయింది, అంచున పగులు అలాగే ఉంది. ఎప్పుడో ఒకనాడు నేనూ ఇనప సామాన్ల కొట్టుకి పోతాను. దాని గురించి నాకు దిగులు లేదు. అద్దె సైకిలు డ్రైవరుగారి సొంతమైంది, రోజూ పక్క ఊరి దాకా దాని మీద ఆవిడ వెనకే వచ్చి వెళ్తాడు. రోడ్డు మారలేదు. లారీలు అలాగే మోగుతాయి, కుక్కలు అలాగే అడ్డం పడతాయి, మలుపులో ఇప్పటికీ మా ఇద్దరికీ గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన బుద్ధి కూడా పూర్తిగా మారలేదు. దారి ఖాళీగా ఉన్నా సరే, వెనకనుంచి బెల్లు మోగిస్తూనే ఉంటాడు, పక్కకి తప్పుకోమని. ఆవిడ తప్పుకోదు. ఆయన ఉన్నాడో లేదో నాలో ఓసారి చూసుకుని, నవ్వుకుంటూ తన గీత మీదే తొక్కుతుంది.